నలుగురి మాట

ప్రజాప్రభుత్వమున ప్రజాభిప్రాయమే ప్రభువని ఎన్నికల సభలలో వక్తలు తరచుగా చెప్పుచుందురు. ఆ ప్రభువు పుట్టు చోటెక్కడ అను సంగతి మాత్రము వారు చెప్పరు. పట్టణవాసుల నడిగినచో పత్రికలలో ననియు, శాసనసభలో ననియు, టెలివిజను చర్చలలో ననియు సమాధానము వచ్చును. మన తెలుగుభాష ఇంతకంటె సరియైన సమాధానమును ఏనాడో చెప్పియున్నది. "నలుగురేమనుకొందురు?" అని మన తల్లులు మనలను మందలించినప్పుడు ఆ నలుగురనగా లెక్కకు నలుగురు కారు, ఊరంతయును. ప్రజాభిప్రాయమను పెద్ద మాటను విద్యావంతులు కూర్చుకొనుటకు ఎంతో పూర్వమే చెరువుకట్టమీదను, రచ్చబండ చెంతను, నాట్ల వరుసలలోను కూడిన నలుగురి మాటకు మన పూర్వులు వెరచుచుండిరి.

అయినను ఆ మాటయెడల మనకు నిలుకడయైన గౌరవము లేదు. ఒకప్పుడు నలుగురితోపాటు నడువుమందుము. మరునాడే "లోకులు కాకులు" అని కొట్టివేయుదుము. స్త్రీలు కూడి మాటలాడినచో అమ్మలక్కల కబుర్లని నవ్వుదుము. రచ్చ యను పదమునే చూడుడు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నప్పుడు రచ్చ యనగా సభ. నేడు ఒకడు రచ్చ చేసినాడన్నచో అల్లరి చేసినాడని యర్థము. సభకు పెట్టిన పేరు అల్లరికి చెల్లిపోవుట మన గ్రామములకు కలిగిన నష్టములలో నొకటి యని నా తలంపు.

ఎరువుల రాకను, ఋణముల గడువులను ప్రకటించు ఈ పత్రికలో ఈ ప్రసంగమేల యని పాఠకులు శంకింపవచ్చును. మన సహకార సంఘముల మహాజన సభలను చూచినవారికి ఆ శంక యుండదు. సభలో మాటలాడక చేతులెత్తి, బయటికి వచ్చి టీ దుకాణమువద్ద గంటసేపు పాలకవర్గమును విమర్శించు సభ్యులు లేని గ్రామము లేదు. ఆ టీ దుకాణపు మాట వ్యర్థమని పెద్దలందురు. అది వ్యర్థము కాదని నేను చెప్పదలచితిని. దేశమునందలి పెద్ద మార్పులు కొన్ని అట్టి మాటలనుండియే పుట్టినవి. అయితే అట్లు పుట్టిన మాట ఏ దారిని నడచి ఫలించినది, ఏ దారిని నడచి చెడినది యను విషయము విచారింపదగియున్నది.

పరదేశపు పండితుల మాటను మొదట సంక్షేపముగా చెప్పెదను. గాబ్రియెల్ టార్డ్ అను ఫ్రెంచి పండితుడు 1901 లో ప్రకటించిన గ్రంథమున, మనుష్యులు తమలో తాము సంభాషించుకొననిచో పత్రికలు వెలువడియు ప్రయోజనము లేదని వాదించెను. పత్రిక మాటలాడుటకు విషయము నిచ్చునే గాని అభిప్రాయము రూపొందుట మాటలలోనేనని ఆయన మతము. తరువాత 1940 లో అమెరికా దేశపు ఒహాయో రాష్ట్రమున ఈరీ కౌంటీ యను ప్రాంతమున, పాల్ లాజర్స్‌ఫెల్డ్ అను నాచార్యుడును ఆయన సహచరులును ఆరువందల మంది వోటరులను ఎన్నుకొని, మే మొదలు నవంబరు వరకు మరల మరల ప్రశ్నించుచు వచ్చిరి. అది రూజ్వెల్టు, విల్కీల నడుమ అధ్యక్షపదవికై పోటీ జరిగిన సంవత్సరము. రేడియోయు పత్రికలును జనుల మనస్సులను తారుమారు చేయుచుండునని ఆనాటివారి యూహ. పరిశీలింపగా అట్లు మారినవారు కొలదిమందియే యని తేలెను. కుటుంబమువారి మాట, ఇరుగుపొరుగువారి మాట, తోడి పనివారి మాటయే అంతకంటె బలవత్తరముగా నుండెను. పత్రిక చదివి, రేడియో విని, ఆ సంగతులను తోడివారికి చెప్పెడివారు కొందరు ప్రతి తరగతిలోను కనబడిరి. వారందరును ధనికులు గాని అధికారులు గాని కారు. 1944 లో ఈ ఫలితములు గ్రంథరూపమున వెలువడినవి.

మన రైతులకు ఇందు వింత యేమియు లేదు. కొత్త వంగడమును గూర్చి రేడియోలో విన్నంతమాత్రమున ఎవ్వడును విత్తడు. ప్రక్కచేనివాడు వేసినాడా, పిలకలెట్లున్నవి, తాలు ఎంత పోయినది, మిల్లువాడు ఏ ధరకు కొన్నాడు అని విచారించి మరుసటి యేట విత్తును. విత్తనము విషయమున నెట్లో వోటు విషయమునను అట్లే జరుగును.

ఇక మన రాష్ట్రమున జరిగిన దానిని కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఇది దాదాపు అందరును విన్న కథయే. కాని దానిని సారాపై జరిగిన పోరాటముగానే చెప్పుకొందుము, మాటల కథగా చెప్పుకొనము.

1980 ప్రాంతముల మొదలు సారా విక్రయపు హక్కులను ప్రభుత్వము ఏటేట వేలము వేయుటయు, పాటదారులు ప్యాకెట్లలో నింపిన సారాను మారుమూల పల్లెలవరకు చేర్చుటయు సాగుచుండెను. ఖజానాకు అది గొప్ప ఆదాయము. కూలివాని యింట మాత్రము మగని సంపాదన సారాకొట్టున కరగిపోవుచుండగా, ఇల్లాలు తన కూలితో పొయ్యి వెలిగించుచుండెను. ఈ బాధ ఇంటింట నున్నను ఏ యింటి బాధ ఆ యింటి గుట్టుగానే యుండెను. నాట్లలో ప్రక్కప్రక్కన వంగిన స్త్రీలు దానిని గూర్చి మాటలాడుకొనకపోలేదు. కాని ఆ మాట "నా కర్మము" అని మొదలై "ఎవరి కర్మము వారిది" అని ముగియుచుండెను. మరునాడు మరల మొదటినుండి ఆరంభము.

1991 లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము ఊపందుకొనెను. పగటి పనులు ముగించుకొని స్త్రీలు రాత్రులందు పలకలు పట్టి కూర్చుండిరి. వారికిచ్చిన వాచకములలో రాజుల కథలు గాక కూలి, నీరు, పిల్లల ఆరోగ్యము, సారా మొదలగు వారి సంసారపు సంగతులే పాఠములుగా నుండెను. పాఠము చదివిన పిమ్మట దానిని గూర్చి మాటలాడుకొనుట ఆ బడుల పద్ధతి. అక్షరములు వచ్చుట మేలే. కాని నా యభిప్రాయమున అంతకు మించిన మేలు, ముప్పదిమంది స్త్రీలు ప్రతిరాత్రి ఒకే చోట, ఒకే దీపము క్రింద, ఒకే విషయమును గూర్చి మాటలాడుటకు తీరిక దొరకుట. అంతవరకు తన యింటి దౌర్భాగ్యమనుకొన్నది ముప్పది యిండ్ల దౌర్భాగ్యమని వారికి తేటపడినది. అప్పుడు కర్మమను సమాధానము చాలలేదు. ముప్పది యిండ్లకు ఒకే కర్మము పట్టుటకు కారణమెవ్వరను ప్రశ్న పుట్టినది.

కలిగిరి మండలములోని దూబగుంట గ్రామమున స్త్రీలు ఏకమై సారా దుకాణమును మూయించిరి. ఆ యూరి రోశమ్మగారి పేరు తరువాత రాష్ట్రమంతట వినబడినది. ఆ గ్రామపు వృత్తాంతము "ఆడవాళ్ళు ఏకమైతే" అను పేరుతో కొత్త వాచకమున పాఠమయ్యెను. ఇతర గ్రామముల స్త్రీలు దానిని కూడబలుకుకొని చదివి, వారు చేసినది మన మేల చేయరాదని తమలో తాము ప్రశ్నించుకొనిరి. ఒక యూరి మాట అచ్చుకెక్కి, అచ్చునుండి మరల నూరు ఊళ్ళ మాటయైన వైనమిది. టార్డ్ పండితుడు చెప్పినదానికి దీనికంటె చక్కని నిదర్శనము ఫ్రాన్సు దేశముననైనను దొరకునో లేదో! 1992 లో ఉద్యమము జిల్లా యంతట వ్యాపించెను. నెల్లూరున జరుగవలసిన సారా వేలముపాట స్త్రీల ప్రతిఘటనము వలన పలుమారులు వాయిదా పడెను. 1993 ఏప్రిలు 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను.

తరువాతి భాగమును తక్కువమంది తలచుకొందురు. 1994 చివర జరిగిన శాసనసభ ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధము వాగ్దానముగా వచ్చినది. ఎన్. టి. రామారావుగారు అధికారము స్వీకరించిన పిమ్మట 1995 జనవరి 16 నుండి అది అమలయ్యెను. రెండేండ్లు గడచునంతలో దొంగరవాణా పెరిగినదనియు ఖజానా తరిగినదనియు వాదములు బయలుదేరి, 1997 లో నిషేధము సడలింపబడెను. అయితే వేలముపాటలతోడి సారా విక్రయము మాత్రము మరల రాలేదు. ఈ రెంటికి గల భేదము గమనింపదగినది. సారా నిషేధము రాత్రిబడులలో స్త్రీల నోట పుట్టి క్రమముగా పైకి పోయినది. సంపూర్ణ నిషేధము ఎన్నికల ప్రణాళికనుండి క్రిందికి దిగినది. మొదటిదానిని తొలగింప ఏ ప్రభుత్వమును సాహసింపలేదు. రెండవదానిని తొలగించినప్పుడు 1992 నాటి యంతటి ప్రతిఘటనము లేవలేదు. సారా పోయి సీసా వచ్చినది గదా, ఇంటికి మిగిలినదేమి యని ఆక్షేపించువారున్నారు. వారి మాటలో నిజము లేకపోలేదు. అయినను మిగిలినది ఒకటి కలదు. సహకార సంఘీయులకు అది మిక్కిలి ప్రియమైనది. ఆ కూడికలనుండియే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘములు వెలసినవి. దినమునకొక్క రూపాయి చొప్పున స్త్రీలు కూడబెట్టుట నేర్చిరి. సారా మాటతో కూడినవారు సొమ్ము మాటతో నిలిచిరి.

ఇంతవరకు మాటయొక్క మేలు. కీడును చెప్పనిచో ఈ వ్యాసము భజనయగును.

2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారను కల్లమాట వాట్సాప్ ద్వారా తెలుగు జిల్లాలలో వ్యాపించెను. కొత్తవాడు కనబడిన చోటనెల్ల జనులు అనుమానించిరి. గుంపుల చేతులలో ఏ పాపమెరుగనివారు ప్రాణములు కోల్పోయిరి. ఆ యేటి జూలైలో ఆ కంపెనీవారు మన దేశమున ఒక సందేశమును ఒక్కమారు అయిదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ చేసిరి. యంత్రమునకు హద్దు పెట్టుట మంచిదే. కాని రచ్చబండవద్ద పుట్టిన పుకారునకు సహజముగా నుండెడి హద్దు వేరు. అక్కడ చెప్పినవాని ముఖము కనబడును. వాడు నిన్న చెప్పినది నిజమైనదో కాదో అందరికి తెలియును. "నీవు చూచితివా?" అని అడుగుటకు ఒక ముసలివాడైనను అక్కడ నుండును.

మన భాషకు ఒక గొప్ప గుణమున్నది. కన్నది చెప్పినప్పుడు "వచ్చినది" అందుము; విన్నది చెప్పినప్పుడు "వచ్చినదట" అందుము. ఆ చిన్న "అట" యే వక్తయొక్క నిజాయితీకి గుర్తు. మూడిండ్లు దాటునప్పటికి "అట" జారిపోయి "వచ్చినది" మాత్రమే మిగులును. అక్కడనుండి కీడు మొదలు.

దీనికి మన సంఘములలో అందరెరిగిన ఉదాహరణము ఋణమాఫీ. ఎన్నికలు సమీపించి "మాఫీ వచ్చునట" అను మాట పుట్టిన దినము మొదలు వసూళ్ళు మందగించుట ఏ కార్యదర్శి నడిగినను చెప్పును. ఆ మాట కేవలము కల్ల యనలేము. 1990 లో కేంద్ర ప్రభుత్వము పదివేల రూపాయల వరకు గ్రామీణ ఋణములను మాఫీ చేసినది. 2008 లో సన్నకారు, చిన్నకారు రైతుల బాకీలను మరల మాఫీ చేసి, తక్కినవారికి ఏకమొత్తపు చెల్లింపుపై నాలుగవవంతు రాయితీ నిచ్చినది. 2014 లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రములలోను ఎన్నికల వాగ్దానముగా వచ్చినది. ఇన్నిమారులు వచ్చినదానిని మరల వచ్చునని రైతు తలంచుట మూర్ఖత్వము కాదు. కరవునకు, వరదకు, గిట్టని ధరకు నలిగినవాడు మాఫీ నడుగుట తప్పని నేనెన్నడును అనను. కాని "వచ్చునట" అన్నది "వచ్చును" అయినప్పుడు ఎవరికి, ఎంత, ఎప్పుడు అను మూడు ప్రశ్నలును మాయమగును. 2014 నాటి మాఫీ సొమ్ము రెండు రాష్ట్రములలోను వాయిదాలపై వచ్చెను. ఆ వాయిదాలకై వేచియుండి బాకీ కట్టని సభ్యునకు సకాలమున చెల్లించినవారికి లభించు వడ్డీ రాయితీ తప్పెను, గడువు మీరిన పద్దుపై వడ్డీ పెరిగెను. ఆ సంగతిని టీ దుకాణమువద్ద ఒక్కడైనను లెక్కకట్టి చెప్పియున్నచో మాట మరియొక దారిని నడచియుండెడిది.

మాటకంటె ప్రమాదకరమైనది మౌనము. జర్మనీ దేశపు ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ అను విదుషి 1974 లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. తన యభిప్రాయము పదిమందికి నచ్చనిదని తలంచినవాడు వెలిపడుదునేమో యని నోరు మెదపడు. వాడు మెదపకపోవుటచే ఆ యభిప్రాయము గలవారు ఇంకను తక్కువగా కనబడుదురు. దానిచే మరి కొందరు మౌనము వహింతురు. ఇట్లు మౌనము సుడి తిరుగునని ఆమె చెప్పినది. ఈ సుడిలో మన యూళ్ళలో మునిగియున్నవాడు కౌలురైతు.

దుక్కి దున్నువాడు, పెట్టుబడి పెట్టువాడు, పురుగు పట్టినచో నష్టపోవువాడు అతడు. కాని పాసుపుస్తకము వేరొకరిది. కౌలుపత్రము వ్రాసియిచ్చినచో భూమిపై హక్కునకు భంగము వచ్చునని యజమానుల భయము. పత్రము నడిగినచో మరుసటి యేడు చేను దొరకదని కౌలుదారుని భయము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2011 లో వచ్చిన చట్టము కౌలుదారులకు ఋణార్హత కార్డుల నిచ్చుటకు ఏర్పాటు చేసినది. ఆంధ్రప్రదేశమున 2019 నాటి చట్టము పంటసాగుదారుల హక్కుపత్రమునకు భూయజమాని సంతకమును విధించినది. తెలంగాణమున 2018 లో ఆరంభమైన రైతుబంధు సాయము పట్టాదారులకే చెందినది. ఈ చట్టములపై, పథకములపై పత్రికలలో వ్యాసములు వచ్చినవి, సంఘములు మహజరులు సమర్పించినవి. కాని ఊరిలోని సంభాషణములో ఈ ప్రసంగమే లేదు. యజమానియు కౌలుదారుడును ఒకే బల్లమీద కూర్చుండి టీ త్రాగునప్పుడు వారు వానను గూర్చి మాటలాడుదురు, రాజధాని రాజకీయములను గూర్చి మాటలాడుదురు, తమ యిద్దరి నడుమ నున్న విషయమును గూర్చి మాత్రము మాటలాడరు. ఊరిలో మాట లేనిచో పైన చట్టమున్నను కాగితమున నుండును.

నెల్లూరు స్త్రీలును ఒకప్పుడు ఇట్టి మౌనముననే యుండిరి గదా. వారి నోరు తెరిపించినది ఉపన్యాసము కాదు. నియమితమైన వేళ, అందరెరిగిన చోటు, చదివి వినిపించిన ఒక పాఠము. ఈ మూడింటిని సమకూర్చుట మన సంఘములకు అసాధ్యము కాదని తోచుచున్నది. కావున పాలకవర్గముల యెదుట ఒక్క సూచన నుంచుచున్నాను.

మహాజన సభ నాడు లెక్కల కాగితమును వడివడిగా చదివి, "అభ్యంతరములున్నవా?" అని అడిగి, లేవని వ్రాసికొనుట మానుడు. ఆ క్షణమున విన్న అంకెలపై ఎవ్వడును ప్రశ్న వేయలేడు. అట్టి మౌనమును సమ్మతిగా లెక్కించుట న్యాయము కాదు. సభకు పదిదినముల ముందే ఆ లెక్కలను తెలుగున, పెద్ద యక్షరములతో, ఒక పుటలో వ్రాయింపుడు. ఎంత వసూలు కావలెను, ఎంత వసూలైనది, ఎరువుల బస్తాలెన్ని వచ్చినవి, ఎవరికి ఏ క్రమమున పంచబడినవి, లాభమో నష్టమో ఎంత యను అయిదు సంగతులు చాలును. దానిని సంఘ కార్యాలయపు గోడకంటించి యూరకుండక, ప్రతి వాడకును పేటకును గుమాస్తాను పంపి సాయంకాలమున చదివి వినిపింపుడు. దళితవాడకు వేరుగా పోవలెను, స్త్రీల పొదుపు సంఘములవద్దకు వేరుగా పోవలెను. సభ్యులు కాని కౌలురైతులను కూడ వినుటకు పిలువవలెను. వోటు లేకున్నను వారు వేయు ప్రశ్న సభ్యులకు ఉపకరించును. గుమాస్తా అక్కడ వాదింపరాదు. చదివి, అడిగిన ప్రశ్నలను కాగితమున వ్రాసికొని రావలెను.

ఆ పదిదినములును టీ దుకాణమున, కళ్ళములో, బస్సుస్టాండులో నలుగురును ఆ పుటను గూర్చి మాటలాడుకొందురు. తప్పులు పట్టుదురు, కొన్ని తప్పుడు తప్పులును పట్టుదురు. అందులకు పాలకవర్గము అలుగరాదు. సభనాడు అధ్యక్షుడు తన ప్రసంగమునకు ముందు, వాడవాడనుండి తెచ్చిన ప్రశ్నలను వరుసగా చదివి ఒక్కొక్కదానికి సమాధానము చెప్పవలెను. సమాధానము లేని ప్రశ్న యున్నచో లేదని చెప్పి, ఎన్ని దినములలో తెలుపునో తేదీతో మినిట్సు పుస్తకమున వ్రాయింపవలెను. దీనికి కావలసిన వ్యయము కొన్ని కాగితములును, గుమాస్తాకు వారము పదిదినముల సాయంకాలపు బత్తెమును. నాట్లు ముగిసి, కలుపు మొదలుకాకమునుపు రైతులకు కొంత తీరిక దొరకును గనుక ఈ యేటి సభను ఆ నడుమ నేర్పాటు చేసికొనినచో వాడవాడ చదువుటకు వీలు కలుగును.